ముల్లు చెప్పేది ఎవరి మాట?



ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది. ఈ పేర్లు వరసగా చెబితే చాలు, ముంబయి హైవే మీద రోజూ బండి నడిపేవాళ్లకు ఎక్కడ బ్రేకు మీద కాలు పెట్టాలో కూడా గుర్తొస్తుంది. ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారే వేళ ఈ దారిలో బండ్లు నడవవు, పాకుతాయి. ఆ వరసలో పాత కార్లు ఇప్పటికీ కనిపిస్తాయి. మారుతి 800, ఓమ్నీ, ఇండికా, సుమో, క్వాలిస్. పదిహేనేళ్లు దాటినవి, ఇరవయ్యేళ్లు దాటినవి. అలాంటి బండిలో ముందు సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు వైపు చూడండి. ఏదో ఒక ముల్లు మొండికేసి ఉంటుంది. పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుంది. లేదా టెంపరేచర్ ముల్లు కింద పడుకుని లేవదు. ఏమైందని అడిగితే దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే. "అది పనిచేయదులెండి, మాకు అలవాటైపోయింది." ఇవాళ నా వాదమంతా ఈ జవాబుతోనే. మీటరు చెడిపోయిందని ఎప్పుడనాలి? అదే సంగతిని ఇంకో దారిలో కనుక్కున్న తర్వాత అనాలి. అంతవరకూ ముల్లు చెప్పేది నిజమనుకునే నడుచుకోవాలి. ఇంకోసారి చెబుతాను. ముందు ఇంజిన్‌ను అనుమానించండి. మీటరును తర్వాత అనుమానిద్దాం.

ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే ముల్లుకు కబురు ఎలా అందుతుందో చూడాలి. డ్యాష్‌బోర్డులో ఉన్న ముల్లు ఇంజిన్‌ను చూడదు. పెట్రోలు ట్యాంకులోకి తొంగి చూడదు. దానికి తెలిసేది తన వైరులో వచ్చే కరెంటు ఒక్కటే. ఇంజిన్‌లో తిరిగే నీళ్లలోకి ఒక చిన్న ఇత్తడి సెన్సర్ మునిగి ఉంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ సెన్సర్ లోపల కరెంటుకు ఉండే అడ్డు తగ్గుతుంది. అడ్డు తగ్గితే కరెంటు ఎక్కువగా పారుతుంది, ముల్లు పైకి లేస్తుంది. అంతే సంగతి. ఇంజిన్ వేడి కబురు సెన్సర్ మీదుగా, వైరు మీదుగా, దాని కొనన ఉన్న క్లిప్పు మీదుగా, ఫ్యూజు మీదుగా, బండి బాడీకి బిగించిన ఎర్త్ స్క్రూ మీదుగా మీటరుకు చేరుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పు చేసినా ముల్లు తప్పు చెబుతుంది. అందుకే "మీటరు పోయింది" అనే మాటకు నిజానికి ఏ అర్థమూ లేదు. దారిలో ఎక్కడ పోయిందన్నదే ప్రశ్న. ఇంకో చిక్కు కూడా ఉంది. వైరు తెగిపోతే ముల్లు కింద పడిపోతుంది. అంటే చల్లగా ఉందని చెబుతుంది. తెగిన వైరుకూ చల్లని ఇంజిన్‌కూ ముల్లు దగ్గర తేడా తెలియదు.

ఈ చిక్కు కార్లకే పరిమితం అనుకోకండి. 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో పెద్ద ప్రమాదం జరిగింది. అక్కడ ఒత్తిడి తగ్గించే ఒక వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోలేదు. రియాక్టరును చల్లబరచాల్సిన నీళ్లు అందులోంచి రెండు గంటలకు పైగా బయటికి పోతూనే ఉన్నాయి. కంట్రోల్ రూమ్‌లో ఉన్న దీపం మాత్రం వాల్వు మూసుకుందనే చెప్పింది. దీపం పాడవలేదు. ఆ దీపానికి వాల్వుతో సంబంధం లేదు, అంతే. మూసుకోమని వాల్వుకు ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నదే దానికి తెలుసు. వాల్వు ఆ మాట విన్నదా లేదా అన్నది తెలియదు. చదువుకున్న, శిక్షణ పొందిన ఆపరేటర్లే ఆ దీపాన్ని నమ్మారు. మన పాత కారులో ముల్లు సంగతీ అదే. ఆ ముల్లు చెప్పేది వైరు సంగతి. ఇంజిన్ సంగతి మనం ఊహించుకుంటున్నాం. ఆ ఊహ చాలాసార్లు సరైనదే. కాని ఎప్పుడు సరైనది కాదో ముల్లును చూస్తే తెలియదు, ఇంకో సాక్షిని పిలవాలి.

రెండో సాక్షి కావాలన్న నియమం మన ప్రాంతం వాళ్లకు కొత్తేమీ కాదు. పటాన్‌చెరులోనో, పాశమైలారంలోనో బాయిలరు దగ్గర పనిచేసే వాళ్లను అడగండి. 1950 నాటి ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ ప్రకారం బాయిలరులో నీటి మట్టం చూపించడానికి మామూలుగా రెండు సాధనాలు ఉండాలి. ఒకటి చాలదా? చాలదు. గాజు గొట్టంలో నీళ్లు కనబడుతున్నాయంటే బాయిలరులో నీళ్లున్నట్టే అని అనుకోవడానికి లేదు. గొట్టానికి వెళ్లే దారి మట్టితో మూసుకుపోతే, పాత నీళ్లే అందులో నిలిచి ఉండి మోసం చేస్తాయి. అందుకే తెలిసిన ఆపరేటరు డ్యూటీ ఎక్కగానే గేజ్ గ్లాసును బ్లో చేస్తాడు. అందులోని నీళ్లను వదిలేసి, మళ్లీ చకచకా నిండుతున్నాయా అని చూస్తాడు. గమనించండి. అతను నీటి మట్టం చూడకముందే, నీటి మట్టం చూపించే సాధనాన్ని పరీక్షిస్తున్నాడు. మందుల ఫ్యాక్టరీల్లో ప్రెజర్ గేజీలకు క్యాలిబ్రేషన్ తేదీలు రాసిన స్టిక్కర్లు ఉంటాయి. తేదీ దాటితే ఆ గేజీని నమ్మరు. ఇంత క్రమశిక్షణ ఉన్న చేతులే గేటు దాటి కారు స్టీరింగు పట్టుకోగానే, చచ్చిన ముల్లును పక్కన పెట్టుకుని హాయిగా ఇంటికి వెళ్తున్నాయి. ఇదేం లెక్క?

సరే, టెంపరేచర్ ముల్లు దగ్గరే కాసేపు ఆగుదాం. ఎందుకంటే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్లింది. మీకు రెండు అవకాశాలున్నాయి. ఇంజిన్ నిజంగా కాగుతోందనుకోవచ్చు, సెన్సర్ అబద్ధం చెబుతోందనుకోవచ్చు. మొదటిది అనుకుని పొరబడితే మీకు పోయేది ఇరవై నిమిషాలు. బండి పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, చల్లారేదాకా కూర్చుంటారు. రెండోది అనుకుని పొరబడితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, హెడ్డు వంకర పోతుంది, ఒక్కోసారి ఇంజిన్ పట్టేస్తుంది. ఒకవైపు ఇరవై నిమిషాలు, ఇంకోవైపు ఇంజిను. అందుకే ముందు ఇంజిన్‌ను అనుమానించమంటున్నాను. ఇక్కడ ఒక హెచ్చరిక. కాగిన ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పకండి. ఆ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీశారంటే ఒక్కసారిగా మరిగి ముఖాన కొడతాయి. చల్లారాకే మూత జోలికి వెళ్లండి.

ఇప్పుడు సాక్షుల దగ్గరికి వద్దాం. చాలా పాత బండ్లలో ముల్లుకు ఒక సెన్సర్ ఉంటుంది, రేడియేటర్ ఫ్యానుకు ఇంకో స్విచ్చు ఉంటుంది. రెండూ వేరు వేరు, రెండు వైర్లూ వేరు. కాబట్టి ఫ్యానే మీ రెండో సాక్షి. బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. కాసేపటికి ఫ్యాను తిరిగింది, ముల్లు మాత్రం అడుగునే ఉంది. అప్పుడు ముల్లు అబద్ధం చెబుతోందని అనుమానించవచ్చు. ముల్లు పైకి వెళ్లింది, ఫ్యాను తిరగలేదు. అప్పుడు తొందరపడి ముల్లును నిందించకండి. ఫ్యానే పాడై, ముల్లు నిజం చెబుతూ ఉండవచ్చు. ఇంకో సాక్షి కూడా ఉంది. ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటుంది. దాన్ని థర్మోస్టాట్ ఉన్న చోటికి గురిపెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన పరికరం మాత్రం దీనికి పనికిరాదు. అది మనిషి ఒంటి వేడి వరకే చదువుతుంది.

అన్నిటికంటే మోసకారి పరిస్థితి ఇంకొకటి ఉంది. కొంచెం జాగ్రత్తగా వినండి. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నీళ్ల వేడి చెప్పగలదు. ఎక్కడో గొట్టం కారి నీళ్లు తగ్గిపోయాయనుకోండి. సెన్సర్ చుట్టూ నీళ్లకు బదులు గాలి చేరుతుంది. అప్పుడు ఇంజిన్ కాగుతూ ఉంటుంది, ముల్లు మాత్రం కిందికి దిగుతుంది! ఎక్కుతున్న ముల్లు హఠాత్తుగా దిగితే హమ్మయ్య అనుకుంటాం. అదే పెద్ద ప్రమాదం. సమతలం రోడ్డు మీద, కారణం లేకుండా ముల్లు గబుక్కున పడిపోతే ఆగి చూడండి. దీనికి తోడు మన బోరు నీళ్లు. ఉప్పదనం, గట్టిదనం ఎక్కువున్న నీళ్లు రేడియేటరులో పోస్తూ పోతే లోపల తెల్లటి గార పడుతుంది. టీ కెటిల్ అడుగున పట్టినట్టే. ఆ గార రేడియేటర్ సన్న గొట్టాలను మూసేస్తుంది, ఇంజిన్ నిజంగానే వేడెక్కుతుంది. అదే గార సెన్సర్ కొనకూ పట్టి, వేడి దానికి ఆలస్యంగా చేరుతుంది. ఇంజిన్‌కు జ్వరం పెంచేదీ, ఆ జ్వరాన్ని దాచిపెట్టేదీ ఒకే గార. కూలెంటు డబ్బాకు పెట్టే డబ్బు దండగ అనుకునేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

మరి మీటరు మంచిదా కాదా అని ఎలా తేల్చాలి? పాత పద్ధతి బండ్లకు, అంటే సెన్సరుకు ఒకే వైరు ఉండి మధ్యలో కంప్యూటరు లేని బండ్లకు, ఆటో ఎలక్ట్రీషియన్లు వాడే పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఆపి, కీ మాత్రం ఆన్ చేసి ఉంచాలి. సెన్సరు వైరు లాగేయాలి. ముల్లు చల్లని వైపు పడిపోవాలి. ఆ వైరు కొనను, మధ్యలో ఒక చిన్న బల్బు పెట్టి, ఇంజిన్ లోహానికి క్షణంపాటు తాకించాలి. ముల్లు పైకి లేవాలి. మళ్లీ చెబుతున్నాను. వైరు తీస్తే పడాలి, తాకిస్తే లేవాలి. రెండూ జరిగితే మీటరు, ఫ్యూజు, వైరు మంచివే. ఇక్కడ చాలామంది ఒక అడుగు ఎక్కువ వేస్తారు. మీటరు మంచిదైతే సెన్సరే పోయిందని తీర్పు చెప్పేస్తారు. అలా కాదు. మీటరు మంచిదని తేలితే, ముల్లు చెప్పిన వేడి నిజమై ఉండే అవకాశం ఇంకా పెరిగిందన్న మాట! సెన్సరు మార్చే ముందు ఆ వేడిని ఇంకో సాక్షితో కొలవాలి. సెన్సరు మార్చినా ఒక్కోసారి ముల్లు తక్కువే చూపిస్తుంది. కారణం చిన్నది. నీళ్లు కారకూడదని మరల మీద ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు దట్టంగా చుడతారు. ఒంటి వైరు సెన్సరుకు ఆ మరలే ఎర్త్. టేపు చుడితే ఎర్త్ బలహీనపడుతుంది. ఇంకొన్నిసార్లు వేరే మోడలు సెన్సరు మరకు సరిగ్గా పట్టేస్తుంది, కాని దాని లెక్క వేరు. మరకు పట్టినంత మాత్రాన మీటరుకు పట్టినట్టు కాదు.

ఎర్త్ అన్నాను కాబట్టి ఆ సంగతి చూద్దాం. పాత బండ్లలో మీటర్ల జబ్బుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది. ఒక ప్రశ్న వేసుకోండి. తప్పు చెబుతున్నది ఒక్క ముల్లా, అన్ని ముళ్లూనా? ఒక్కటే అయితే దాని సెన్సరు, దాని వైరు, దాని మీటరు చూడాలి. అన్నీ కలిసి తప్పు చెబుతున్నాయంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏదో చెడింది. ఒక ఫ్యూజు, ఒక ఎర్త్ స్క్రూ. హెడ్‌లైటు వేయగానే పెట్రోలు ముల్లు కిందికి జారిందా? ఇండికేటరు వేస్తే టెంపరేచర్ ముల్లు తాళం వేస్తోందా? అది ట్యాంకు తప్పూ కాదు, ఇంజిన్ తప్పూ కాదు. తిరిగి బ్యాటరీకి పోవాల్సిన కరెంటు సరైన దారి దొరక్క పక్కింటి దారి తొక్కుతోంది. స్క్రూ విప్పి, కింద ఉన్న తుప్పు గీకి, మళ్లీ గట్టిగా బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. సంగారెడ్డి జిల్లాలో తుప్పుకు కరువు లేదు. ఇక్కడి మట్టి అలాంటిది. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో వెలిసినప్పటి నుంచీ దాని పొలాల్లో ఎర్ర నేల, నల్ల నేల రెండింటి మీదా పరిశోధన సాగుతోంది. మన బండ్లు కూడా ఆ రెండు మట్టులనూ మోస్తాయి. నల్లరేగడి బురద బండి అడుగున వైరు క్లిప్పుల చుట్టూ పట్టుకుంటే, వాన వెలిసినా తడి అంత తొందరగా వదలదు. ఆ తడిలో రాగి పచ్చబడుతుంది, ఇనుము ఎర్రబడుతుంది, ముల్లు తప్పు చెబుతుంది.

ఇంకా పాత బండ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ కాలం నాటి చాలా కార్లలో మీటర్ల వెనక ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది. ఓల్టేజ్ స్టెబిలైజర్ అంటారు. బ్యాటరీ ఓల్టేజీ ఎక్కువ తక్కువలవుతున్నా, మీటర్లకు సుమారు పది ఓల్టులు నిలకడగా అందేలా అది చూస్తుంది. దాని ఎర్త్ పోయిందంటే పూర్తి ఓల్టేజీ మీటర్లలోకి పోతుంది. అప్పుడు తమాషా చూడండి. ట్యాంకు నిండుగా ఉన్నట్టూ, ఇంజిన్ కాగుతున్నట్టూ ఒకేసారి కనబడుతుంది. ట్యాంకులో పెట్రోలు పెరగడానికీ ఇంజిన్ వేడెక్కడానికీ ఏ చుట్టరికమూ లేదు. రెండు ముళ్లూ ఒకే వైపు అబద్ధమాడితే, ఆ అబద్ధం వాటి వెనక ఉన్న డబ్బాది.

పెట్రోలు ముల్లు విషయంలో పరువు ప్రతిష్ఠలు కూడా ఉన్నాయి. "బంకులో తక్కువ కొట్టారు" అన్న గొడవల్లో సాక్ష్యంగా చూపించేది తరచూ ఈ ముల్లునే. ట్యాంకులో ఒక తేలే బుడ్డి, దానికి ఒక చెయ్యి, ఆ చెయ్యి రాసుకుంటూ తిరిగే ఒక తీగ పట్టీ. అదీ దాని యంత్రాంగం. ట్యాంకు ఆకారం పైనా కిందా ఒకేలా ఉండదు కాబట్టి పై సగం నెమ్మదిగా దిగుతుంది, కింది సగం గబగబా దిగుతుంది. బండి ఏటవాలుగా ఆగితే లెక్క మారిపోతుంది. ఏళ్ల తరబడి రాసుకున్న పట్టీ ఒకచోట అరిగిపోతే ముల్లు అక్కడికి రాగానే పడిపోతుంది, దాటగానే లేస్తుంది. ఇలాంటి ముల్లును పట్టుకుని బంకు వాళ్లతో తగాదా పెట్టుకోవడం అన్యాయం. అనుమానం ఉంటే అడగడానికి ఒక దారి ఉంది. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. అడిగితే అందులో కొట్టి చూపించాలి. అదీ సాక్ష్యం. ఇక ఇంట్లో మీటరు పరీక్ష గురించి. ఇందాక చెప్పిన వైరు తాకించే పరీక్షను పెట్రోలు ట్యాంకు దగ్గర చేయకండి. నిప్పు రవ్వ చాలు. ట్యాంకు పని ఆటో ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

స్పీడోమీటరు సంగతి తేలిక. బెర్లిన్‌లో ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న సూత్రమే పాత కార్లలో చాలావాటిలో ఉంది. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం పక్కనున్న అల్యూమినియం గిన్నెను తాకకుండానే లాగుతుంది. గిన్నెకు కట్టిన ముల్లు లేస్తుంది. కిలోమీటర్లు లెక్కపెట్టే అంకెలూ అదే కేబులుతో తిరుగుతాయి. కాబట్టి ముల్లు, అంకెలు రెండూ ఆగితే కేబులు చూడండి. అంకెలు తిరుగుతూ ముల్లే ఆగితే మీటరు విప్పాలి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ముల్లు వణికితే కేబులు ఎండిపోయిందనో, ఎక్కడో మెలిపడిందనో అర్థం. రెండో సాక్షి కావాలా? ఫోనులో జీపీఎస్ ఉంది. ఫోను లేకపోతే హైవే పక్కన కిలోమీటరు రాళ్లున్నాయి. గంటకు 60 వేగంతో నిలకడగా వెళ్తే, రాయికీ రాయికీ మధ్య సరిగ్గా ఒక నిమిషం పట్టాలి. పక్క సీట్లో ఉన్నవాళ్లు గడియారం చూడాలి, మీరు రోడ్డు చూడాలి. చిన్న తేడా ఉంటే కంగారు పడకండి. ఐక్యరాజ్యసమితి వాహన ప్రమాణాల ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, కొంచెం ఎక్కువ చూపించవచ్చు. కాని పెద్ద టైర్లు వేయించుకున్నవాళ్ల బండి తక్కువ చూపిస్తుంది. సదాశివపేటలో టైర్లు తయారవుతున్న జిల్లా ఇది. టైరు సైజు మారిస్తే వేగం లెక్క మారుతుందన్న సంగతి ఇక్కడివాళ్లకు తెలిసే ఉండాలి.

ఇప్పుడు నాకు ఎదురు చెప్పేవాళ్ల మాట వినాలి. మొదటి మాట, అనుభవమున్న డ్రైవర్ది. "ఇంజిన్ చప్పుడు విని చెబుతాం, వాసన చూసి చెబుతాం. ముల్లుతో పనేంటి?" ఈ మాటలో నిజం ఉంది. మంచి డ్రైవరు చెవి గొప్ప పరికరమే. కాని అది ఎప్పుడు చెబుతుంది? ఇంజిన్‌లో టకటక మొదలయ్యాక. కూలెంటు కాలిన తీపి వాసన వచ్చేసరికి నీళ్లు బయటికి వచ్చేశాయన్న మాట. చెవీ ముక్కూ జరిగినదాన్ని చెబుతాయి, ముల్లు జరగబోయేదాన్ని చెబుతుంది. పైగా మే నెల ఎండలో, కిటికీలు మూసి, ఏసీ వేసి, పాటలు పెట్టుకుని వెళ్లే బండిలో చెవికి ఏం వినిపిస్తుంది? అనుభవాన్ని నేను తీసేయడం లేదు. దాన్ని మూడో సాక్షిగా కూర్చోబెడుతున్నాను.

రెండో మాట, డబ్బుది. "బండే అంతంతమాత్రం. దానికి మళ్లీ మీటరు ఖర్చు ఎందుకు?" నిజమే, పాత బండికి కొత్త మీటరు బోర్డు కొనమంటే ఎవరికైనా చేదే. నేను కొనమనడం లేదు. కొనకుండా ఉండడానికే ఈ వాదమంతా. కనుక్కోకుండా మార్చేవాళ్లకే ఎక్కువ ఖర్చవుతుంది. ముందు బోర్డు మారుస్తారు, తర్వాత సెన్సరు మారుస్తారు, తర్వాత ట్యాంకులో తేలే బుడ్డి మారుస్తారు, చివరికి తుప్పు పట్టిన ఒక ఎర్త్ స్క్రూ దొరుకుతుంది. ఇందాకటి పరీక్షలకు కావలసింది ఒక చిన్న బల్బు, ఒక వైరు ముక్క, ఒక మల్టీమీటరు. ఫ్యాక్టరీలో పనిచేసే ఎవరినడిగినా అవి దొరుకుతాయి. బండ్లు తోలడమే కాదు, తయారు చేయడం కూడా వచ్చిన జిల్లా ఇది. ఆల్విన్ నిస్సాన్ లారీలు జహీరాబాద్‌లో తయారయ్యాయి, తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి కవచ వాహనాలు తయారవుతున్నాయి. ఒక ఎర్త్ స్క్రూ వెతకడానికి ఇక్కడ మనుషులు దొరకరా?

మూడో మాటే బరువైనది. "ముల్లు ఎన్నోసార్లు ఊరికే భయపెట్టింది. ప్రతిసారీ బండి ఆపుకుని కూర్చోవాలా?" దీనికి జవాబు తేలిక కాదు. ఊరికే అరిచే హెచ్చరికను మనిషి మనసు కొన్నాళ్లకు వినడం మానేస్తుంది. అందులో తప్పు మనిషిది కాదు. అందుకే అబద్ధమాడే మీటరును బాగు చేయించాలంటున్నాను. దాన్ని అలాగే వదిలేస్తే, అది నిజం చెప్పిన రోజున కూడా మీరు నమ్మరు. ఇంకోవైపు, ఎప్పుడూ భయపెట్టని ముల్లునూ పూర్తిగా నమ్మకండి. తర్వాతి తరం కార్లలో చాలావాటిలో టెంపరేచర్ ముల్లును మధ్యలోనే నిలబడేలా తయారు చేశారు. వేడి కొంత పెరిగినా, తగ్గినా అది కదలదు. కదిలిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

చివరగా దీపాలు. ముళ్లకంటే దీపాల దగ్గర మనం ఎక్కువ మోసపోతాం, ఎందుకంటే వెలగని దీపాన్ని చూసి అంతా బాగుందనుకుంటాం. ఆయిల్ దీపం ఇంజిన్ నడుస్తుండగా వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపాలి. స్విచ్చు పోయిందేమో అన్న ఆలోచన ఆ తర్వాత. ఆయిలు మట్టం చూసి, అది సరిగ్గా ఉన్నా, మెకానిక్కు స్విచ్చు విప్పి అదే చోట ప్రెజర్ గేజీ బిగించి కొలిచేదాకా బండి నడపకండి. బ్యాటరీ దీపంలో ఇంకో విచిత్రం ఉంది. చాలా పాత కార్లలో ఆ దీపం గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటరును నిద్ర లేపుతుంది. బల్బు మాడిపోతే హెచ్చరికతో పాటు ఛార్జింగు కూడా ఆగిపోవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టి చూడండి. పద్నాలుగు ఓల్టుల దరిదాపుల్లో ఉంటే ఛార్జింగు బాగుంది. పన్నెండున్నర దగ్గరే నిలిచిపోతే ఛార్జింగు జరగడం లేదు.

కాబట్టి రేపు పొద్దున బండి తీసేటప్పుడు కీ ఒక మెట్టు తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఒక్క క్షణం ఆగండి. ఆయిల్ దీపం, బ్యాటరీ దీపం రెండూ వెలగాలి. ఏదైనా వెలగకపోతే ఆ బల్బుకు రోజులు చెల్లాయి, లేదా దాని వైరు ఊడింది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లినప్పుడు "మీటరు మార్చండి" అని చెప్పకండి. ఏ ముల్లు, ఎప్పుడు, ఎటు కదిలింది? హెడ్‌లైటు వేస్తే మారిందా? ఒక్కటేనా, అన్నీనా? ఫ్యాను తిరిగిందా? ఈ నాలుగు ముక్కలు చెప్పండి. ఎక్కడ విప్పాలో అతనికి తెలుస్తుంది.